తిట్టా, ఫత్వానా? జిందీఖ్ అనే మాట వెనుక కథ

షాబాన్ నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక మా ఖాలా ఫోన్ చేసింది. ఆ వేళకి ఫోన్ మోగితే ముందు గుండె జారుతుంది. "ఖైరియత్ హై నా ఖాలా?" అన్నాను. ఆమె సలాం కూడా సరిగ్గా పూర్తి చేయకుండా అడిగింది: "బేటా, నువ్వు ఉర్దూ మీడియంలో చదివినోడివి కదా. జిందీఖ్ అంటే ఏంది? తిట్టా, ఫత్వానా?"

సంగతేమిటంటే, మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో షబే బరాత్ ఫజీలత్ గురించి ఒక హదీసు పంపారు. ఆ రాత్రి ఇన్ని రకాతులు చదివితే ఇంత సవాబు అని లెక్కలతో సహా ఉంది. ఖాలా కొడుకు, ఇంజినీరింగ్ చదివిన పిల్లాడు, అదబుగానే అడిగాడు: "చచ్చా, ఇది ఏ కితాబులో ఉంది? సనద్ ఏమిటి?" అంతే. గ్రూపులో ఒక పెద్దమనిషికి కోపం వచ్చింది. ఈ కాలం పిల్లలు జిందీఖులు అయిపోతున్నారని ఒక్క లైను రాసి పెట్టాడు. ఆ లైనుకి కింద నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. పిల్లాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఖాలా భయం అది కాదు. వాడికి రిష్తా మాట్లాడుతున్న అమ్మాయి మామూ కూడా అదే గ్రూపులో ఉన్నాడు.

"తిట్టే ఖాలా, ఫత్వా కాదు" అని ఆ రాత్రికి చెప్పి పడుకోబెట్టాను. కానీ నాకు నిద్ర రాలేదు. ఎందుకంటే అది వట్టి తిట్టు కాదని నాకు తెలుసు. ఒకప్పుడు ఆ మాట పడితే మనిషి తల పోయేది. ఆ మాట కోసమే ఒక సర్కారీ మహకమా కూడా ఉండేది.

మేము స్కూల్లో చదువుకున్న ఉర్దూ కితాబు వెనక ఫర్హంగ్ ఉండేది. అందులో జిందీఖ్ ఎదురుగా "బేదీన్" అని ఒక్క ముక్క. పరీక్షకి అది చాలు. తర్వాత తెలుగు డిగ్రీలో చేరాక "పాషండుడు" అనే మాట ఎదురైంది. దాని అర్థమూ దాదాపు అదే అని మా సార్ చెప్పారు. రెండు మాటలూ నా బుర్రలో వేర్వేరు అరల్లో చాలా ఏళ్లు పడి ఉన్నాయి. వాటి కథ ఒకటేనని తెలియడానికి జర్నలిజంలోకి వచ్చి, ఉద్యోగం పోయి, ఖాళీగా లైబ్రరీలో కూర్చోవాల్సి వచ్చింది.

ముందు ఒక విషయం. జిందీఖ్ అరబీ మాట కాదు. ఖుర్ఆన్‌లో ఈ మాట ఎక్కడా లేదు. కాఫిర్ ఉంది, ముష్రిక్ ఉంది, మునాఫిఖ్ ఉంది, ఫాసిఖ్ ఉంది. జిందీఖ్ లేదు. అది ఫార్సీ నుంచి, అదీ ఇస్లాం రాకముందటి పహ్లవీ నుంచి అరబీలోకి వచ్చింది. పహ్లవీలో దాని రూపం "జందీక్". ఇరాన్‌లో నఖ్షే రుస్తుం దగ్గర కాబా-ఎ-జర్దుష్త్ అని పిలిచే ఒక రాతి కట్టడం ఉంది. మన కాబాతో దానికి సంబంధం లేదు, జనం అలా పేరు పెట్టుకున్నారు. దాని గోడ మీద క్రీ.శ. 3వ శతాబ్దంలో కర్తీర్ అనే జొరాస్ట్రియన్ పెద్ద పూజారి ఒక శాసనం చెక్కించాడు. సాసానీ రాజ్యంలో తాను ఎవరెవరిని అణచేశాడో అందులో గర్వంగా చెప్పుకున్నాడు: యూదులు, బౌద్ధ శ్రమణులు, బ్రాహ్మణులు, క్రైస్తవులు, ఇంకా జందీకులు. మన తారీఖులో ఈ మాట వినపడటానికి ముందే, ఇంకొకరి మజ్హబ్ దాన్ని తన గిట్టనివాళ్ల మీద వాడేసింది.

జంద్ అంటే వ్యాఖ్యానం. జొరాస్ట్రియన్ల మూల గ్రంథం అవెస్తా, దాని తఫ్సీరు జంద్. 10వ శతాబ్దపు మువర్రిఖ్ మసూదీ ఇచ్చిన వివరణ ప్రకారం, మూలాన్ని పక్కన పెట్టి తనకి తోచిన తావీల్ పట్టుకుని పోయేవాడిని జందీ అన్నారు, అదే అరబ్బుల నోట జిందీఖ్ అయింది. అంటే మొదట్లో అర్థం దేవుణ్ణి నమ్మనివాడు అని కాదు. మూలాన్ని తనకు నచ్చినట్టు చదువుకునేవాడు అని.

ఇంకో వాదన కూడా ఉంది. అది నాకు ఎక్కువ నచ్చుతుంది, నచ్చినంత మాత్రాన నిజమని అనను. మానీ అనే ఆయన క్రీ.శ. 216లో ఇరాక్ ప్రాంతంలో పుట్టాడు. బుద్ధుడు, జర్దుష్త్, ఈసా ముగ్గురి తర్వాత తానే పైగంబర్నని చెప్పుకున్నాడు. వెలుగుకీ చీకటికీ మధ్య యుద్ధమే ఈ లోకం అన్నాడు. 270ల్లో సాసానీ జైల్లో చనిపోయాడు. ఆయన మతంలో రెండు తరగతులు. మామూలు సంసారులు "వినేవాళ్లు". మాంసం ముట్టకుండా, పెళ్లి చేసుకోకుండా బతికే పైతరగతి వాళ్లు "సత్యవంతులు". ఆ పైతరగతికి అరామీ భాషలో వాడిన మాటే తిరిగి తిరిగి జిందీఖ్ అయిందని కొందరు పండితులు అంటారు. అరబీ కితాబుల్లో ఆ తరగతిని సిద్దీఖులు అనే రాశారు. చూడండి, మనం హజ్రత్ అబూబక్ర్ (రజి) పేరు పక్కన ఎంతో ఇజ్జత్‌తో పలికే మాట, మన పిల్లలకి పెట్టుకునే పేరు, మానీ వాళ్ల దగ్గరా పుణ్యాత్ముడి బిరుదే. ఈ వాదన నిజమైతే సిద్దీఖ్, జిందీఖ్ ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు. ఒకడు మిన్బర్ దగ్గర కూర్చున్నాడు, ఇంకొకడు ఉరికంబం ఎక్కాడు.

అరబ్బులు ఇరాక్‌ని, ఇరాన్‌ని గెలిచాక ఈ మాట వాళ్లకి అంటుకుంది. సహీహ్ బుఖారీలో హజ్రత్ అలీ (రజి) కాలం నాటి ఒక రివాయత్ ఉంది. ఆయన కొందరికి వేసిన శిక్ష గురించి. ఒక బాబులో ఆ మనుషులని "జనాదిఖా" అని చెప్పారు. అదే కితాబులో ఇంకోచోట అదే సంగతి వచ్చినప్పుడు "కొంతమంది జనం" అని మాత్రమే ఉంది. హదీసు ఇల్మ్ నాకు లేదు, ఆ బహస్ ఉలమాలది. మాటల వెంట తిరిగేవాడిగా నేను గమనించింది ఒక్కటే: ఒకే సంఘటనని చెబుతూ ఒక రావీ నోట ఈ మాట వచ్చింది, మరొకరి నోట రాలేదు.

మాట అసలు బలం చూపించింది అబ్బాసీ ఖలీఫాల కాలంలో. ముఖ్యంగా మహ్దీ పాలనలో, 775 నుంచి 785 వరకు. తబరీ తారీఖు ప్రకారం హిజ్రీ 163లో మహ్దీ రూమీల మీదికి ఫౌజుతో వెళుతూ హలబ్ దగ్గర ఆగాడు. చుట్టుపక్కల జిందీఖుల్ని పట్టి తెప్పించి చంపించాడు, వాళ్ల కితాబుల్ని కత్తులతో కోయించాడు. నాలుగేళ్లు తిరిగేసరికి అది పద్ధతి ప్రకారం జరిగే వేటగా మారింది. సాహిబుజ్జనాదిఖా అని ఒక ఓహదా పెట్టారు. జిందీఖుల వ్యవహారం చూసే అధికారి అన్నమాట. ఉమర్ కల్వాజీ అనే ఆయనకి ఆ పని అప్పగించారు. ఆయన చనిపోతే ఇంకొకర్ని పెట్టారు. ఒకసారి కుర్చీ వేశాక అది ఖాళీగా ఉండదు, దానికి రోజూ పని కావాలి.

ఆ వేటలో నిజంగా మానీ మతం వాళ్లు పట్టుబడలేదా? పట్టుబడ్డారు. పైకి నమాజు చదువుతూ లోపల మానీని నమ్మినవాళ్లు బస్రాలో, బగ్దాదులో ఉన్నారు. హుకూమత్‌కి వాళ్ల గురించి బెంగ పడటానికి కారణాలూ ఉన్నాయి. కానీ వల వేశాక చేప ఏదో, నీటిపాము ఏదో చూసుకోలేదు.

తబరీ చెప్పిన ఒక సంగతి చదివినప్పుడు నేను కితాబు మూసి కాసేపు బయటికి వెళ్లిపోయాను. మహ్దీకి అబూ ఉబైదుల్లా అని ఒక వజీరు. సమర్థుడు, ఖలీఫాకి పాతకాలం నుంచి దగ్గరివాడు. రబీ అని ఒక హాజిబు, అంటే దర్బారు వాకిలి దగ్గర ఎవరిని లోపలికి పంపాలో చూసేవాడు. ఒకసారి రబీ ఊరి నుంచి వచ్చి వజీరు ఇంటికి వెళితే వజీరు లేచి నిలబడలేదట. అది మనసులో పెట్టుకున్నాడు. వజీరులో తప్పు వెతికితే దొరకలేదు, కొడుకులో వెతికాడు. కుర్రాడు జిందీఖ్ అని ఖలీఫా చెవిన వేశాడు. మహ్దీ ఆ కుర్రాణ్ణి పిలిపించి ఖుర్ఆన్ చదవమన్నాడు. వాడు తడబడ్డాడు. మీవాడు హాఫిజ్ అని చెప్పావు కదా అని మహ్దీ తండ్రిని అడిగితే, కొన్నేళ్లుగా నాకు దూరంగా ఉన్నాడు, మరచిపోయి ఉంటాడు అన్నాడు తండ్రి. అయితే లే, నీ చేత్తోనే వీణ్ణి చంపి అల్లాహ్ దగ్గర పుణ్యం సంపాదించుకో అన్నాడు ఖలీఫా. ఆ ముసలాయన లేచాడు, కాళ్లు తడబడి పడిపోయాడు. పక్కనున్న అబ్బాసీ పెద్ద ఒకరు జాలిపడి, ఈయన్ని వదిలేయండి అని అడిగితే ఆ పని ఇంకొకరి చేత చేయించారు. తర్వాత రబీ మళ్లీ వచ్చి, కొడుకుని చంపించాక తండ్రిని నమ్మగలమా అన్నాడు. వజీరు పదవి పోయింది. లేచి నిలబడనందుకు మొదలైన కథ ఇది.

ఆ తర్వాతి వజీరు యాఖూబ్ ఇబ్న్ దావూద్ కాలంలో బస్రా షాయర్ బష్షార్ ఇబ్న్ బుర్ద్ బలయ్యాడు. పుట్టు గుడ్డివాడు, నోరు మంచిది కాదు, ఆ వజీరునీ ఖలీఫానీ హజ్వులో ఉతికేశాడు. పడిన ఇల్జామ్ మాత్రం హజ్వు కాదు, జందఖా. కొరడా దెబ్బలకే ప్రాణం పోయింది. ఆయన నమ్మకాలు నికార్సయినవని నేను అనను. కానీ ఖలీఫా జోలికి పోకుండా ఉంటే అవే నమ్మకాలతో మంచం మీద చనిపోయి ఉండేవాడేమో.

ఇబ్నుల్ ముఖఫ్ఫా పేరు మీలో చాలామందికి తెలియకపోవచ్చు, ఆయన పని తెలుసు. మన పంచతంత్రం పహ్లవీలోకి వెళితే, అక్కడి నుంచి దాన్ని "కలీలా వ దిమ్నా" పేరుతో అరబీలోకి తెచ్చింది ఆయనే. చిన్నయసూరి నీతిచంద్రికలో తెలుగు పిల్లలు చదివిన మిత్రలాభం, మిత్రభేదం, మన పాతకాలం మక్తబుల్లో ఫార్సీ పిల్లలు చదివిన "అన్వారె సుహైలీ", రెండూ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. ఆయన్ని 756-759 మధ్య బస్రా గవర్నరు చంపించాడు. ఖలీఫా మన్సూర్ బాబాయికి అమాన్ పత్రం రాస్తూ, ఖలీఫా మాట తప్పడానికి వీల్లేకుండా మరీ గట్టిగా రాశాడన్నది అసలు కోపం. జిందీఖ్ అన్న ముద్ర ఆయన పేరుకి తర్వాత గట్టిగా అతికింది.

ఇంత చీకటిలో ఒక నవ్వు కథ కూడా ఉంది, మసూదీ చెప్పిందే. మామూన్ ఖలీఫాగా ఉండగా బస్రా నుంచి పదిమంది జిందీఖుల్ని పట్టి తెమ్మని హుకుం. వాళ్లని ఒకచోట చేర్చారు. ఒక తుఫైలీ, అంటే పిలవని దావత్‌లకి పోయి తినే మనిషి, వీళ్లని చూసి ఇంతమంది పెద్దమనుషులు కలిసి పోతున్నారంటే తప్పకుండా వలీమానే అనుకుని గుంపులో దూరాడు. పడవ ఎక్కించారు. సైరుకి పోతున్నాం అనుకున్నాడు. ఇంతలో అందరికీ సంకెళ్లు వేశారు, ఈయనకీ వేశారు. బగ్దాదులో ఒక్కొక్కరి ముందూ మానీ బొమ్మ పెట్టి ఉమ్మేయమన్నారు, ఒక పిట్టని జిబహ్ చేయమన్నారు. ప్రాణి హింస మానీ మతంలో హరాం కదా, అదీ పరీక్ష. ఒప్పుకోని పదిమందీ పోయారు. జాబితా అయిపోయాక ఒక తల మిగిలింది. నువ్వెవరివి అంటే, అమీరుల్ మోమినీన్, వీళ్ల దీన్ ఏమిటో నాకు తెలిస్తే నా పెళ్లాం తలాఖ్, భోజనం ఉందేమోనని వచ్చాను అన్నాడట. మామూన్ నవ్వి వదిలేశాడు. నవ్వుతూనే ఒకటి అడగాలనిపిస్తుంది: ఆ రోజు ఖలీఫాకి నవ్వు రాకపోతే?

200 ఏళ్లు తిరగకముందే మానీ వాళ్లు బగ్దాదులో లేకుండా పోయారు. 10వ శతాబ్దం చివర్లో "అల్ ఫిహ్రిస్త్" రాసిన ఇబ్నున్నదీం, ఒకప్పుడు ఈ నగరంలో తనకి వాళ్లు 300 మంది దాకా తెలుసనీ, ఇప్పుడు అయిదుగురు కూడా లేరనీ రాసుకున్నాడు. మనుషులు పోయారు, మాట మిగిలింది. ఇక అది ఎవరికైనా సరిపోయే అంగీ అయింది.

ఫుఖహా పెద్దలు దానికి హద్దు గీయడానికి ప్రయత్నించారు. పైకి ఇస్లాం, లోపల కుఫ్ర్ ఉన్నవాడు జిందీఖ్ అన్నారు. ముర్తద్‌కీ వీడికీ తేడా అదే, ముర్తద్ బయటపడి చెబుతాడు. అయితే చిక్కు వచ్చింది. లోపలిది ఎవరికి కనపడుతుంది? పట్టుబడ్డ జిందీఖ్ తౌబా చేస్తానంటే నమ్మాలా? పట్టుబడ్డాక చేసే తౌబా చెల్లదన్నది ఇమాం మాలిక్ మజ్హబ్, ఎందుకంటే అబద్ధం దాచడమే వాడి పని. ఇమాం షాఫయీ (రహ్) దగ్గర చెల్లుతుంది, పైకి కనపడేదాని మీదే మన హుకుం, లోపలిది అల్లాహ్‌కి. హనఫీల్లో రెండు మాటలూ ఉన్నాయి. మన ఇళ్లలో ఎక్కువమంది హనఫీలమే కాబట్టి ఇది పరాయి బహస్ కాదు. హజ్రత్ ఉసామా (రజి) యుద్ధంలో కలిమా చదివిన మనిషిని చంపితే, భయంతో చదివాడని ఉసామా చెప్పుకుంటే, ప్రవక్త (స) వాడి గుండె తెరిచి చూశావా అన్న అర్థంలో మళ్లీ మళ్లీ అడిగారని సహీహ్ ముస్లింలో ఉంది. షాఫయీ దారి నాకు ఆ హదీసుకి దగ్గరగా తోస్తుంది. ఇమాం గజాలీ ఏకంగా ఇస్లాంకీ జందఖాకీ మధ్య గీత ఎక్కడుందన్న దాని మీదే ఒక కితాబు రాశారు. తావీల్‌లో తేడా వచ్చినంత మాత్రాన ఎదుటి ముస్లింని కాఫిర్ అనడానికి ఎగబడేవాళ్ల కాళ్లకి అందులో ఆయన బాగానే అడ్డం పడ్డారు.

అప్పటికే సూఫీ బుజుర్గుల మీద కూడా ఈ ముద్ర పడి ఉంది. 9వ శతాబ్దంలో బగ్దాదులో గులాం ఖలీల్ అనే ఆయన, సూఫీలు జిందీఖులని ఖలీఫాకి ఫిర్యాదు చేశాడు. అబుల్ హుసేన్ నూరీ, ఆయన సాథీలు పట్టుబడ్డారు. జల్లాదు ఒకరి దగ్గరికి వస్తుంటే నూరీ ముందుకు వచ్చి నన్ను మొదట చంపమన్నారు. తొందరేమిటంటే, నా సాథీలకి ఇంకో రెండు క్షణాల జిందగీ దొరుకుతుంది అన్నారు. వ్యవహారం ఖాజీ దగ్గరికి పోయింది. ఆయన ప్రశ్నలు అడిగి, వీళ్లే జిందీఖులైతే భూమ్మీద తౌహీద్ ఉన్నవాడు ఎవడూ లేడని తేల్చాడు. ఈ కథ లాహోర్ దాతా సాహెబ్ హుజ్వీరీ కితాబు ద్వారా మన ముల్కుకి చేరింది. 922లో అదే బగ్దాదులో మన్సూర్ హల్లాజ్‌కి అలాంటి ఖాజీ దొరకలేదు. ఆ సంగతి మీకు ఖవ్వాలీల్లోనే తెలుసు.

మన వైపు కూడా ఒక అడుగు ఉంది. ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గర ఎర్రటి దర్గా చూసి ఉంటారు, సర్మద్ షహీద్‌ది. ఔరంగజేబు కాలంలో, 1661 ప్రాంతంలో తల తీయించారు. బట్టలు లేకుండా తిరుగుతాడు, కలిమా పూర్తిగా చదవడు అని ఇల్జామ్. దారా షికోహ్‌కి దగ్గరివాడన్నది ఎవరూ పైకి చెప్పని ఇల్జామ్. ఆ సర్మద్ ఢిల్లీకి పోకముందు మన హైదరాబాదులో ఉన్నాడు. అబ్దుల్లా ఖుతుబ్‌షా రోజులవి. అన్ని మజ్హబుల గురించి "దబిస్తాన్" రాసిన ఆయన 1647లో సర్మద్‌ని కలుసుకున్నది ఇక్కడే. గోల్కొండ సర్కారుకి ఆయన బట్టల సంగతి అంత పెద్ద మసలా కాలేదు.

ఇక పాషండుడు. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి అని ఒక ఊరుంది. గుట్ట మీద బండలకి అశోకుడి శాసనాలు ఉన్నాయి. డిగ్రీ రోజుల్లో మా సార్ మమ్మల్ని బస్సులో తీసుకెళ్లారు. ఎండకి బండ కాలుతోంది, నాకు అక్షరం ముక్క అర్థం కాలేదు. అక్కడ చెక్కిన పద్నాలుగింటిలో పన్నెండోది ఈ మాట గురించే. రాజు అన్ని "పాసండల" వాళ్లనీ గౌరవిస్తాడు, ఎవరూ తన పాసండని అతిగా పొగిడి ఎదుటివాడి పాసండని కారణం లేకుండా కించపరచకూడదు అన్నది దాని సారం. అక్కడ పాసండ అంటే మతశాఖ, అంతే. బౌద్ధుడిదీ పాసండే, బ్రాహ్మణుడిదీ పాసండే. ఆ తర్వాత వేదాన్ని ఒప్పుకోనివాళ్లకే అది అంటుకుంది. తెలుగు నిఘంటువులో చేరేసరికి పాషండుడు వేదనింద చేసేవాడు. హిందీ, ఉర్దూ వీధుల్లో పాఖండీ, అంటే దొంగభక్తుడు. జందీక్ నడిచిన దారి, అడుగు తేడా లేకుండా. ఉర్దూ షాయరీలో కాఫిర్ అన్న మాటకి కనీసం మాషూఖా దగ్గర కాస్త ముద్దు దక్కింది. ఈ రెండింటికీ అదీ లేదు.

పొద్దున ఖాలాకి ఇదంతా చెప్పలేదు. చెబితే ఇంకా భయపడేది. తలల సంగతి అసలే ఎత్తలేదు. పాతకాలంలో మూల కితాబు వదిలేసి సొంత కవిత్వం చెప్పేవాడిని జిందీఖ్ అనేవాళ్లు, మనవాడు అడిగింది మూల కితాబు ఎక్కడని కదా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. "అంటే ఆ మెసేజ్ పంపినాయన..." అని ఆగింది. "వద్దు ఖాలా, మనం ఎవరినీ అనొద్దు" అన్నాను. నవ్వింది.

రంజాన్ పదో రోజున అమ్మాయి మామూ ఫోన్ చేశాడు, నాకే. జిందీఖ్ సంగతి ఏమీ ఎత్తలేదు. ఇఫ్తార్‌కి పిల్లాణ్ణి తీసుకుని రమ్మన్నాడు. చివర్లో మాత్రం, ఆ హదీసు సంగతి తేలిందా, సనద్ ఏమైనా దొరికిందా అని అడిగాడు.